కొత్త దేశానికి సొంత మాటలు

2020 వేసవి సెలవులు అయ్యేసరికి మా స్కూల్లో పదకొండో తరగతికి అమెరికన్ సాహిత్యం చెప్పే టీచరు వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. విమానాలు మళ్ళీ ఎగరడం మొదలైన వారంలోనే ఆమెకు టికెట్ దొరికింది. ఇక రానని మెయిల్ పెట్టింది. షార్జాలో మాది అమెరికన్ సిలబస్ స్కూలు. ఇంగ్లిష్ విభాగానికి హెడ్ మాత్రం ఇంగ్లండు ఆయన. ఆయన నాకు ఫోన్ చేసి, ఈ సంవత్సరం ఆ క్లాసు మీరు తీసుకుంటున్నారు అన్నాడు. అది అడగడం కాదు, చెప్పడం. ఆ నెలల్లో ఎవరో ఒకరి ఉద్యోగం పోయిందన్న వార్త వినని రోజు లేదు. సరేనన్నాను.

అప్పటిదాకా నేను ఎనిమిదో తరగతికి వ్యాకరణం చెప్పేదాన్ని. మాది కాకినాడ. విశాఖలో ఎం.ఏ. ఇంగ్లిష్ చేశాను గానీ, మా చదువులో ఇంగ్లిష్ సాహిత్యమంటే ఇంగ్లండు సాహిత్యమే. అమెరికన్ సాహిత్యం ఇష్టమైతే తీసుకునే పేపరు. దానికి మంచి గైడు దొరకదని ఎవరూ తీసుకునేవారు కాదు. నేనూ తీసుకోలేదు. ఇప్పుడు రెండు వారాల్లో అదే నేర్చుకుని పిల్లలకు చెప్పాలి.

భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచి కూర్చునేదాన్ని. మొదటి పాఠం వాళ్ళకు స్వాతంత్ర్యం వచ్చిన తరవాతి కాలం. రాజును వదిలించుకున్నారు, జెండా మార్చుకున్నారు, చట్టాలు రాసుకున్నారు. పుస్తకాలు మాత్రం ఇంగ్లండు నుంచే వస్తున్నాయి. అప్పట్లో పరదేశపు రచయితకు డబ్బివ్వాలన్న చట్టం అక్కడ లేదు. అందుకని అమెరికా ప్రెస్సుల వాళ్ళు లండన్ నుంచి ఓడలో దిగిన పుస్తకాన్ని దిగినట్టే అచ్చేసి చవగ్గా అమ్మేవారు. సొంత దేశపు రచయితది అచ్చేస్తే అతనికి ఎంతో కొంత ఇవ్వాలి. ఆ బాధ ఎందుకని వాళ్ళను పట్టించుకునేవారు కాదు. రాసే కొద్దిమందీ ఇంగ్లండు వాళ్ళు రాసినట్టే రాసేవారు.

మా ఆయనది కరీంనగర్ వైపు. దుబాయ్ రేవు దగ్గర జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్. సాయంత్రం కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి, టీ గ్లాసుతో వచ్చి నా ఎదురుగా కూర్చునేవారు. ఒకరోజు ఈ సంగతి చెప్పాను.

"గిండ్ల కొత్త ఏమున్నది?" అన్నారు. "మా దగ్గర రోజు గదే పని. చైనా కెళ్ళి కంటైనర్ వస్తది. పాత స్టిక్కర్ పీకుతం, కొత్త స్టిక్కర్ ఏస్తం, ఆఫ్రికాకు పంపుతం. మీ అమెరికావోళ్ళు గూడ స్టిక్కర్ మార్చిన్రు అంతే."

"మరి సొంత సరుకు ఎప్పుడు తయారు చేశారంటారు?"

"గది నువ్వు చదివి చెప్పాలె. టీచర్‌వి నువ్వు."

చదివాను. అన్నిటికంటే నాకు బాగా పట్టుకున్నది ఒక నిఘంటువు సంగతి. ఒక స్కూలు మాస్టారు, కొత్త దేశానికి కొత్త స్పెల్లింగ్ ఉండాలని పట్టుబట్టి, కొన్ని మాటల్లోంచి ఇంగ్లండు అక్షరాలు తీసేశాడు. రంగుకు ఇంగ్లిష్‌లో రాసే 'కలర్' అనే మాటలో 'యు' తీసేసింది ఆయనే. ఇన్నాళ్ళూ నేను దాన్ని అమెరికా వాళ్ళ బద్ధకం అనుకునేదాన్ని. అది పంతమని అప్పుడు తెలిసింది.

ఆ సంవత్సరం పాఠాలన్నీ కంప్యూటర్ తెర మీదే. పిల్లలు ఈజిప్టు, జోర్డాన్, పాకిస్తాన్, మన దేశం, కొందరు ఇక్కడివాళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అమెరికా కవులు నైటింగేల్ మీద, స్కైలార్క్ మీద పద్యాలు రాశారనీ, ఆ పిట్టలు అమెరికాలో ఉండనే ఉండవనీ చెప్పాను. పిల్లలు నవ్వారు. సరే, మీరు ఉండే చోట వసంతం గురించి ఒక పేజీ రాసి పంపండి అన్నాను.

దాదాపు అందరి పేజీల్లోనూ మంచు కరిగింది. ఒకబ్బాయి ఆపిల్ కొమ్మ మీద ఎర్రరొమ్ము పిట్టను వాలించాడు. వాళ్ళది షార్జా పక్కనే అజ్మాన్‌లో పెద్ద రోడ్డు పక్కన ఫ్లాటు. ఈ పిట్టను ఎక్కడ చూశావని అడిగితే, "చూడలేదు మిస్. పోయెమ్ అంటే అలా ఉంటుంది కదా" అన్నాడు. వాణ్ని ఏమంటాను? నేను కాకినాడలో, ఫ్యాను కింద చెమట కారుతూ కూర్చుని, ఇంగ్లండు వసంతం మీద వ్యాసం రాసి జిల్లా స్థాయిలో బహుమతి తెచ్చుకున్నదాన్నే.

మరుసటి ఏడు పిల్లలు మాస్కులు పెట్టుకుని స్కూలుకు వచ్చారు. ఆ బ్యాచ్‌లో ఈ దేశపు పిల్ల, ఒక ఎమిరాతీ అమ్మాయి ఉండేది. ఎక్కువగా మాట్లాడేది కాదు గానీ, మాట్లాడిందంటే మనం ఆగి ఆలోచించుకోవాలి. నిఘంటువు పాఠం చెప్పిన మర్నాడు ఆ అమ్మాయి చెయ్యెత్తింది.

"మిస్, కలర్ అనే మాటలో యు పెట్టినందుకు నాకు మార్కు తీసేశారు. హెడ్ సార్ నిన్న పంపిన మెయిల్‌లో ఆ యు ఉంది."

క్లాసంతా నవ్వింది. సార్‌ది ఇంగ్లండు, ఆయన అలవాటు ఆయనది అన్నాను. "అయితే మా అలవాటు ఏది?" అంది. కొంటెతనానికి కాదు, నిజంగానే అడిగింది.

అది 2021 నవంబరు. ఎమిరేట్స్ దేశంగా ఏర్పడి యాభై ఏళ్ళు నిండబోతున్నాయి. బిల్డింగులకు జెండా రంగుల లైట్లు, కార్లకు స్టిక్కర్లు, మా స్కూలు గేటు దగ్గర యాభై అంకె పువ్వులతో పెట్టారు. ఆ అమ్మాయి ఒకరోజు క్లాసు అయ్యాక నా టేబుల్ దగ్గరకు వచ్చింది.

"మిస్, అమెరికాకు యాభై ఏళ్ళు నిండినప్పుడు వాళ్ళ దగ్గర ఎన్ని మంచి పుస్తకాలున్నాయి?"

నేను ఎప్పుడూ ఆ లెక్క వేయలేదు. మనసులో సంవత్సరాలు కూడుకున్నాను. "అప్పుడప్పుడే మొదలయ్యాయి. బయటి దేశాల వాళ్ళు కూడా చదివిన రచయితలు ఒకరో ఇద్దరో. నువ్వు పరీక్షకు చదివే పెద్ద పుస్తకాలన్నీ ఇంకో పాతికేళ్ళ తరవాత వచ్చాయి" అన్నాను.

"అయితే మాకింకా ఆలస్యం కాలేదు" అంది. అమెరికానూ తమ దేశాన్నీ పక్కపక్కన పెట్టి ఆ ఏటి క్లాసు ప్రాజెక్టు చేస్తానంది.

హెడ్ దగ్గరకు వెళ్ళి చెప్పాను. "ఇది అమెరికన్ సాహిత్యం క్లాసు" అన్నాడాయన. పోలిక అమెరికాతోనే కదా అన్నాను. సగం పైన అమెరికా ఉండాలి, అలా అయితేనే ఒప్పుకుంటాను అన్నాడు. మంచివాడే. పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయన.

ఫిబ్రవరిలో ఆ అమ్మాయి మమ్మల్ని వాళ్ళ అమ్మమ్మ ఇంటికి పిలిచింది. అమ్మమ్మ దగ్గర పాత పాటలున్నాయనీ, రికార్డు చేసేటప్పుడు నేనుంటే బాగుంటుందనీ అంది. ఆమె ఉండేది అజ్మాన్ దాటాక వచ్చే ఉమ్ అల్ క్వైన్‌లో. మా ఆయన కారు నడిపారు. సముద్రపు పాయకు దగ్గర్లో, ఎత్తు ప్రహరీ లోపల వెడల్పాటి ఇల్లు. మగవాళ్ళు కూర్చునే గదిలో మా ఆయనకు ఆ అమ్మాయి నాన్న కాఫీ పోస్తూ కూర్చున్నాడు. నన్ను లోపలికి తీసుకెళ్ళారు.

అమ్మమ్మ నేల మీద పరుపు వేసుకుని, దిండుకు ఆనుకుని ఉంది. నాకు అరబ్బీ నాలుగు ముక్కలకంటే రాదు. అవసరం పడలేదు. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవ బొంబాయి వెళ్ళేదట. ఆమెకు హిందీ వచ్చు, నా హిందీలాగే వంకర హిందీ. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఆమె దిండు మీద అరచేత్తో తడుతూ పాడింది. వేసవిలో మగవాళ్ళంతా ముత్యాల కోసం సముద్రం మీదికి పోతే, ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు పాడుకునే పాట అట. గొంతు మధ్యలో వణికింది, ఆగింది, నీళ్ళు తాగి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మనవరాలు ఫోన్ పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఈ పాట రాసిందెవరు?" అడిగాను.

"ఎవరికి తెలుసు? మా అమ్మ పాడేది. వాళ్ళమ్మ పాడేదట."

"అప్పుడు ఈ దేశం?"

"దేశం ఎక్కడిది? సముద్రం ఉండేది, మేముండేవాళ్ళం" అంది. తరవాత నన్నొక పాట పాడమంది. మా అమ్మ నాకు పాడిన లాలిపాట రెండు చరణాలు పాడాను. కళ్ళు మూసుకుని విని, "అచ్ఛా. యే తుమ్హారా ముల్క్ కా. ఇధర్ కా గానా సునావ్" అంది. అది మా దేశపు పాటట, ఆమెకు ఇక్కడి పాట కావాలట. ఇక్కడి పాట మాకు లేదన్నాను.

"కిత్నా సాల్ ఇధర్?"

పద్నాలుగేళ్ళనీ, మా అమ్మాయి ఇక్కడే పుట్టిందనీ చెప్పాను.

"పద్నాలుగేళ్ళు ఇక్కడే తిన్నావు. ఇక్కడే బిడ్డను కన్నావు. ఈ చోటు గురించి ఒక్క మాట కూడా అనలేదా?" అంది. ఎత్తిపొడవలేదు. ఆశ్చర్యపోయింది, అంతే. వెంటనే ఖర్జూరాల పళ్ళెం నా వైపు జరిపింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆయనకు చెప్పాను.

"ముసలమ్మ మంచిగనే అడిగింది" అన్నారు.

"మీరేమంటారు?"

"నేనేమంట? మా బస్సుల రోజూ ఎన్ని ముచ్చట్లయితయి. ఎవరు రాస్తరు గవన్ని?"

"మీరు చెప్పండి, నేను రాస్తాను."

"గవేం రాస్తవ్? బస్సు ముచ్చట్లు ఎవలు చదువుతరు?" అన్నారు. మిగతా దారంతా చెబుతూనే ఉన్నారు.

మార్చిలో ఆ అమ్మాయి క్లాసులో తన ప్రాజెక్టు వినిపించింది. సగం పైగా అమెరికా ఉంది, హెడ్ అడిగినట్టే. స్పెల్లింగులన్నీ అమెరికావే. చివర్లో మాత్రం మా పాఠ్యపుస్తకాన్నే తప్పుపట్టింది. దేశం పుట్టాక సాహిత్యం పుట్టిందని పుస్తకం చెబుతోంది. కానీ ఆ నేల మీద అంతకు ముందే మనుషులున్నారు, వాళ్ళకు పాటలూ కథలూ ఉన్నాయి, కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని లెక్కలోకి తీసుకోలేదు, అందుకే ఏమీ లేని చోట మొదలుపెట్టామని అనుకున్నారు అంది. ఆ తరవాత వాళ్ళ అమ్మమ్మ గొంతు వినిపించింది.  ముందు వరసలోని పిల్లాడొకడు మళ్ళీ పెట్టమని అడిగాడు.

వెనక బెంచీలో కూర్చుని విన్న హెడ్, వినిపించిన తీరుకు పూర్తి మార్కులు వేసి, పాఠం దాటి వెళ్ళిందని కొన్ని తగ్గించాడు. నేను ఒక మాట అడిగి చూశాను. ఆయన మార్చలేదు. ఆ అమ్మాయి మాత్రం, "పరవాలేదు మిస్, నిజంగానే దాటాను కదా" అంది.

అదే సమయంలో మా తెలుగువాళ్ళ ఉగాది సంచిక పని నడుస్తోంది. ఏటా ఒక హోటల్ హాల్లో ఉగాది చేసుకుంటాం, ఒక సంచిక వేస్తాం. ప్రూఫులు దిద్దడం నా వంతు. మామిడి పూత మీద కవితలు, కోయిల మీద కవితలు, వరిచేల మీద కవితలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రాసేవాళ్ళు బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో, ఏసీ చల్లదనంలో కూర్చుని రాస్తారు. అన్నేళ్ళూ నేను వాటిలో అచ్చుతప్పులే చూశాను. ఆ ఏడు మాత్రం, ఆపిల్ కొమ్మ మీద పిట్టను పెట్టిన పిల్లాడే కళ్ళముందు కదిలాడు.

మా ఆయన చెప్పిన బస్సు ముచ్చట రాసి ఇచ్చాను. కరోనా రోజుల్లో బస్సులో ఒక సీటు వదిలి ఒక సీటులో కూర్చోవాలి. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని గుసగుసగా మాట్లాడుకున్నవాళ్ళు ఇప్పుడు గట్టిగా అరిచి మాట్లాడాల్సి వచ్చింది. దాంతో ఒకరి సంగతులు అందరికీ తెలిసిపోయాయి. ఎవరు భార్యతో పోట్లాడారో, ఎవరి జీతం సగమైందో అంతా బహిరంగం. ఒకతనికి జగిత్యాలలో కొడుకు పుట్టాడు. సెలవు లేదు, విమానం లేదు. ఆ కబురు పాకిస్తానీ డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూస్తూ బస్సంతటికీ చెప్పాడు. ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకోకూడదు గనుక, మర్నాడు ఆ తండ్రి మిఠాయి డబ్బా ముందు సీటు మీద పెట్టాడు. దిగేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తీసుకుంటూ దిగారు. కథ అంతే. మాటలన్నీ మా ఆయన చెప్పినట్టే ఉంచాను.

సంచిక బాధ్యత చూసే పెద్దాయన విజయవాడ వారు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే అకౌంట్స్‌లో ఉన్నారు. ఆయన ఫోన్ చేశారు.

"బాగానే ఉందమ్మా. భాష గురించే కొంచెం ఆలోచిస్తున్నా."

"ఏమైందండీ?"

"అటు తెలంగాణ, ఇటు హిందీ, మధ్యలో అరబ్బీ. 'ముదీర్ వచ్చి యల్లా యల్లా అన్నడు, గంటసేపట్ల పని ఖలాస్ కావాలె' అని రాశావు. ఇది తెలుగేనంటావా?"

"మీ ఆఫీసులో తెలుగువాళ్ళతో మీరెలా మాట్లాడతారండీ?"

"అలాగే మాట్లాడతాననుకో. మాట్లాడ్డం వేరు, అచ్చులో వేయడం వేరు కదమ్మా."

నేను స్పెల్లింగులు మార్చిన అమెరికా మాస్టారి సంగతి చెప్పాను. వాళ్ళ రచయితలు కూడా చాలాకాలం మాట్లాడేది ఒకటి, రాసేది ఒకటిగానే ఉన్నారనీ, తమ మనుషులు మాట్లాడినట్టు కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాకే అది వాళ్ళ సాహిత్యంలా వినిపించిందనీ చెప్పాను. పెద్దాయన ఓపిగ్గా విన్నారు.

"నిజమేనమ్మా. కానీ ఆ మాస్టారికి ఒక దేశం ఉంది. మనకు ఇక్కడ వీసా ఉంది" అన్నారు.

 ఆయన అన్నది నిజం. ఉద్యోగం ఉన్నంతకాలమే ఇక్కడ ఉంటాం. వీసా ఇప్పించిన కఫీల్ కాగితం మీద సంతకం పెట్టకపోతే సామాను సర్దుకోవాలి. ఇక్కడ పుట్టిన మా అమ్మాయికి కూడా అంతే. ఎన్నేళ్ళున్నా ఈ దేశం మాదని రాసుకోలేం. రాసుకోవాలని కూడా నాకు లేదు. అయినా, అమ్మమ్మ పాడిన పాట నాటికి ఆమెకూ దేశమంటూ లేదు. ఉన్న చోటు ఉంది, గడిచిన వేసవులున్నాయి. ఆ మాట పెద్దాయనతో అన్నాను.

 "సరే వేద్దాంలే. ఊళ్ళకు కూడా పంపుతాం కదా, కింద ముదీర్ అంటే మేనేజరు, యల్లా అంటే పదండి అని అర్థాలు ఇద్దాం" అన్నారు పెద్దాయన. నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాను. శుభాకాంక్షల ప్రకటనల తరవాత, చివరి పేజీకి ముందు పేజీలో వేశారు.

ఉగాది రోజు హాల్లో, పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే ఒకతను భార్యతోనూ, రెండేళ్ళ పిల్లాడితోనూ మా దగ్గరకు వచ్చాడు. భార్య విజిట్ వీసా మీద వచ్చిందట. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, నాతో అన్నాడు.

"వదినా, గా బస్సు కథల కొడుకు పుట్టినోన్ని నేనే. నా పేరెందుకు రాయలే?"

"ఎవరి పేర్లూ రాయలేదు తమ్ముడూ. ఎవరేమనుకుంటారో అని."

"రాయాలె. గిప్పుడు బస్సుల ఎవలకు వాళ్ళు గా డబ్బా నేనే తెచ్చిన అంటున్నరు."

అతని భార్య నవ్వింది. ఆమెకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదట. కొడుకు పుట్టాడని విని ఈయన సంతోషించాడో లేదో ఫోనులో అర్థం కాలేదనీ, మిఠాయిలు పంచాడని సంచికలో చదివాకే తెలిసిందనీ చెప్పింది. మా ఆయన పక్కకు తిరిగి పిల్లాడి బూటు లేసు కట్టే పనిలో పడ్డారు.

ఆ ఎమిరాతీ అమ్మాయి 2023లో పన్నెండో తరగతి పూర్తిచేసి అబూ ధాబీలో లా చదవడానికి చేరింది. సాహిత్యం ఎందుకు తీసుకోలేదని అడిగితే, ఇంట్లో ఒక లాయరు కావాలట మిస్ అంది. అప్పుడప్పుడు అరబ్బీలో రాసినవి పంపుతుంది. మా ఈజిప్టు కొలీగ్ చదివి అర్థం చెబుతుంది. ఒకటి మెట్రోలో కూర్చున్న ఆడవాళ్ళ గురించి, ఒకటి అమ్మమ్మ పోయాక ఆ ఇంటి గురించి. రెండోది చదివేటప్పుడు కొలీగ్ మధ్యలో ఆగి కళ్ళద్దాలు తుడుచుకుంది.

కిందటి ఏడు అమెరికా నుంచి కొత్త టీచరు వచ్చాడు. ఆ క్లాసు అతనికి ఇచ్చి, నన్ను మళ్ళీ ఎనిమిదో తరగతికి పంపారు. కొంచెం బాధ వేసింది. మొదటి వారం పాఠం ఎలా మొదలుపెట్టేవారని అతను అడిగాడు. ఇంగ్లండు ఓడలు రాకముందే అక్కడున్న వాళ్ళతో మొదలుపెట్టండి అన్నాను. సిలబస్‌లో అది లేదే అన్నాడు. లేదన్నాను. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పాటించాడో లేదో అడగలేదు.

ఉగాది సంచిక మాత్రం నాతోనే ఉంది. ఈసారి ఇక్కడి సంగతులతో వచ్చినవి నాలుగు. ఒకటి అబూ ధాబీ దగ్గర మఫ్రఖ్‌లో కూలీల క్యాంపు వంటగది గురించి. ఇంకొకటి అమలాపురం దగ్గరి ఒకావిడ, ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకుంటూ ఫోనులో మాట్లాడి పంపింది. విని నేను కాగితం మీద పెట్టాను. ఈ రెండూ బాగున్నాయి. మిగతా రెండూ బాగాలేవు. ఒకదాంట్లో ఎత్తైన బిల్డింగుల పొగడ్త తప్ప ఏమీ లేదు.

"ఇవి తీసేద్దామా అమ్మా?" అని పెద్దాయన అడిగారు.

"వేద్దామండీ. మొదటి యాభై ఏళ్ళలో అమెరికా వాళ్ళు రాసినవాటిలో కూడా చాలావరకు ఇలాంటివే. ఇప్పుడు వాటిని ఎవరూ చదవరు."

"ఎవరూ చదవనివి మనమెందుకు వేయడం?"

"రాసినవాళ్ళు వచ్చే ఏడు మళ్ళీ రాస్తారని."

ఆయన సరేనని, బిల్డింగుల వ్యాసాన్ని ప్రకటనల మధ్యకు సర్దారు. అందులో అచ్చుతప్పులు చాలా ఉన్నాయి. ఈ వారాంతం కూర్చుని దిద్దాలి.